పొడవాటి అణువు మడత పడిన కథ

కిరాణా కొట్టులో మనకిచ్చే పాలిథీన్ సంచిలో దాదాపు సగం స్ఫటికమే. స్ఫటికం అనగానే పటికబెల్లం, ఉప్పు, వజ్రం గుర్తొచ్చే మనకు ఈ మాట నమ్మబుద్ధి కాదు. నలిపితే నలిగేది, లాగితే సాగేది, గాలికి ఎగిరిపోయేది. అందులో స్ఫటికమేమిటి?

ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను కూడా చాలాకాలం సతాయించింది. ఉప్పుతో ఇబ్బంది లేదు. సోడియం, క్లోరిన్ అయాన్లు చిన్నవి కాబట్టి ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా వరస కడతాయి. పాలిమర్ అణువు అలాంటిది కాదు. వేలాది కార్బన్ పరమాణువులు చేయీ చేయీ పట్టుకున్న గొలుసు అది. కరిగిన పాలిమర్‌లో అలాంటి గొలుసులు లెక్కలేనన్ని, ఒకదాంతో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఆ చిక్కులోంచి ఓ గొలుసు తనను తాను విడిపించుకుని స్ఫటికంలో చోటెలా సంపాదిస్తుంది? ఒక పలుచని పొర మీద స్ఫటికం పెరిగితే అందులో గొలుసు నిటారుగా నిలబడుతుందా, అడ్డంగా పడుకుంటుందా? అడగడానికి తేలికైన ఈ రెండు ప్రశ్నల వెంట ఎన్నో తరాలు నడిచాయి.

అసలు అంత పొడవాటి అణువు ఉంటుందంటేనే మొదట్లో ఎవరూ ఒప్పుకోలేదు. 1920లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్, రబ్బరు లాంటివి పొడవాటి గొలుసు అణువులని రాసినప్పుడు ఆ రంగంలోని పెద్దలు పెదవి విరిచారు. చిన్న అణువులే గుంపుకట్టి ఉంటాయి తప్ప గొలుసూ లేదు, గిలుసూ లేదన్నారు. వాళ్ళ చేతిలో ఓ గట్టి వాదన కూడా ఉంది. ఎక్స్‌రేలతో పరీక్షిస్తే, ఈ పదార్థాల స్ఫటికాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే గడి చాలా చిన్నదని తేలుతోంది. గడి కంటే అణువు పెద్దదిగా ఎలా ఉంటుంది?

ఉంటుందని తేలడానికి కొన్నేళ్ళు పట్టింది. గడిలో ఇమిడేది అణువు మొత్తం కాదు, గొలుసులో చిన్న ముక్క మాత్రమే. అదే గొలుసు ఈ గడి దాటి పక్క గడిలోకి, అక్కణ్ణుంచి ఇంకో గడిలోకి సాగిపోతుంది. స్టాడింగర్‌కు నోబెల్ బహుమతి 1953లో వచ్చింది. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు.

గొలుసులున్నాయని ఒప్పుకున్నాక కొత్త చిక్కు మొదలైంది. ఎక్స్‌రే చిత్రాల్లో మచ్చలు పదునుగా కాకుండా అలుక్కుపోయినట్టు కనిపించేవి. స్ఫటికాలు మరీ చిన్నవైతేనే అలా వస్తుంది. ఆ లెక్క ప్రకారం స్ఫటికాల పరిమాణం కొన్ని పదుల నానోమీటర్లకు మించదు. నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. గొలుసు మాత్రం వందల నానోమీటర్ల పొడవు. చిన్న గదిలో పొడవాటి గొలుసు ఎలా పట్టింది?

1930లో హెర్మన్, గెర్న్‌గ్రాస్, అబిట్జ్ అనే ముగ్గురు పరిశోధకులు జెలటిన్‌ను పరిశీలిస్తూ ఓ జవాబు చెప్పారు. ఒకే గొలుసు ఒక చిన్న స్ఫటికంలోంచి తిన్నగా వెళ్ళి, బయటికొచ్చి, కొంతదూరం అడ్డదిడ్డంగా తిరిగి, ఇంకో స్ఫటికంలోకి దూరుతుందన్నారు. స్ఫటికాలకు అంచుల్లో కుచ్చులు వేలాడుతున్నట్టు బొమ్మ గీశారు. ఆ బొమ్మ చక్కగా ఉంది. ఎక్స్‌రే ఫలితాలకు సరిపోయింది. ప్లాస్టిక్ ఎందుకు సాగుతుందో, ఎందుకు గట్టిగా ఉంటుందో రెండూ చెప్పగలిగింది. సుమారు పాతికేళ్ళపాటు పాఠ్యపుస్తకాల్లో అదే రాజ్యమేలింది. బాగా పనిచేసే తప్పు బొమ్మను వదిలించుకోవడం ఎంత కష్టమో ఈ కథలో ముందుముందు తెలుస్తుంది.

ఈలోగా కథానాయకుడిలాంటి పదార్థం ఒకటి పుట్టింది. 1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో, ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్ వాయువును బెంజాల్డిహైడ్‌తో కలిపి విపరీతమైన పీడనంలో పెట్టారు. వాళ్ళు ఆశించిన చర్య జరగలేదు. పాత్ర గోడలకు మాత్రం తెల్లటి మైనం లాంటిది అంటుకుంది. అదే పాలిథీన్. మళ్ళీ చేయబోతే సరిగ్గా కుదరలేదు. ఒక్కోసారి పేలుడు కూడా జరిగింది. 1935 డిసెంబరులో మైఖేల్ పెరిన్ బృందం ప్రయోగం చేస్తుంటే పాత్ర కారి పీడనం పడిపోయింది, దాంతో ఇంకాస్త ఇథిలీన్ ఎక్కించారు. ఈసారి తెల్లటి పొడి బోలెడంత వచ్చింది. కొత్తగా ఎక్కించిన వాయువుతోపాటు లోపలికి చేరిన రవ్వంత ఆక్సిజనే చర్యను నడిపించిందని తర్వాత అర్థమైంది. పాత్ర కారకపోయి ఉంటే ఆ పొడి కోసం ఇంకెన్నాళ్ళు ఆగాల్సి వచ్చేదో.

ఇక అసలు సంగతికి వద్దాం. 1938లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో కె. హెచ్. స్టార్క్స్ అనే పరిశోధకుడు గట్టాపెర్చా మీద పనిచేస్తున్నాడు. అది ఓ రకం చెట్ల పాల నుంచి వచ్చే పదార్థం, రబ్బరుకు దగ్గరి బంధువు. సముద్రం అడుగున వేసిన తొలి టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు వేసింది దాంతోనే. స్టార్క్స్ దాన్ని ద్రావణంగా చేసి, ఎలక్ట్రాన్లు దూసుకుపోగలిగేంత పలుచని పొరగా పరిచి, ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపాడు. స్ఫటికంలోంచి వెళ్ళిన ఎలక్ట్రాన్లు అటూ ఇటూ చెదిరి చుక్కల చిత్రం గీస్తాయి. ఆ చుక్కల అమరికను బట్టి లోపలి గొలుసులు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో చెప్పవచ్చు.

గొలుసులు పొర వెంబడి పడుకుని ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. పొడవాటి వస్తువును పలుచని పొరలో పెడితే ఇంకెలా ఉంటుంది? చిత్రం ఇంకో మాట చెప్పింది. గొలుసులు పొరకు నిలువుగా, నిటారుగా ఉన్నాయి. పొర మందమేమో గొలుసు పొడవులో చిన్న వంతే. అంటే గొలుసు పొర పైదాకా వెళ్ళి, వెనక్కి మళ్ళి, కిందిదాకా వచ్చి, మళ్ళీ పైకి తిరగాలి. గొలుసులు ముందుకూ వెనక్కూ మడత పడి ఉన్నాయన్న ముగింపుకు స్టార్క్స్ వచ్చాడు. అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ఆ మాట అచ్చయింది కూడా.

ఎవరూ పట్టించుకోలేదు. తప్పని వాదించినవాళ్ళు లేరు, ఒప్పని మెచ్చుకున్నవాళ్ళూ లేరు. అంచులకు కుచ్చులున్న బొమ్మ అందరి మనసుల్లో స్థిరపడిపోయింది. గొలుసు మడత పడటమనేది ఎవరి ఊహలోనూ లేదు. దానికితోడు కొద్దికాలానికే యుద్ధం వచ్చింది. ఆ పత్రం దాదాపు ఇరవై ఏళ్ళు గ్రంథాలయాల్లో దుమ్ము పట్టింది. విజ్ఞానశాస్త్రంలో సరైన జవాబు రావడం ఒక్కటే చాలదు, ఆ జవాబు ఏ ప్రశ్నకో నలుగురికీ తెలిసి ఉండాలి. 1938లో ఆ ప్రశ్న అడుగుతున్నవాళ్ళే లేరు.

ప్రశ్న ఐసీఐ ప్రయోగశాలల్లోనే మెల్లగా తయారైంది. అక్కడ చార్లెస్ బన్ 1939లో పాలిథీన్ స్ఫటిక నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో ఛేదించాడు. 1945లో బన్, ఆల్కాక్ కలిసి ఇంకో వింత చూశారు. పాలిథీన్ చల్లారేటప్పుడు అందులో గుండ్రటి గోళాలు పెరుగుతాయి. వాటిని స్ఫెరులైట్లు అంటారు. మధ్యలో పుట్టి అన్ని వైపులకూ విస్తరిస్తాయి. విస్తరించే దిక్కులోనే గొలుసులు చాచుకుని ఉండాలని మన బుద్ధికి తోస్తుంది. వాళ్ళు కొలిస్తే గొలుసులు ఆ దిక్కుకు అడ్డంగా ఉన్నాయి. స్ఫటికం ఒకవైపు పెరుగుతోంది, గొలుసేమో ఇంకోవైపు చూస్తోంది!

ఈ వింత ఒక యువకుణ్ణి పట్టుకుంది. పేరు ఆండ్రూ కెల్లర్. 1925లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. 1948లో హంగరీ వదిలి ఇంగ్లండ్ చేరుకుని, మాంచెస్టర్‌లో ఐసీఐ ఉద్యోగంలో కుదిరాడు. స్ఫెరులైట్లను సూక్ష్మదర్శిని కింద ఏళ్ళ తరబడి చూశాడు. సన్నని ఎక్స్‌రే పుంజంతో గోళంలో ఒక్కో చోటును విడివిడిగా పరీక్షించాడు. ఒక పాలిమర్ తర్వాత ఇంకో పాలిమర్, చాలావాటిలో అదే కథ. గొలుసులు పెరుగుదలకు అడ్డంగానే ఉన్నాయి. గోళం చాలా పెద్ద వస్తువు, అందులో వేలాది చిన్న స్ఫటికాలు కలగాపులగంగా ఉంటాయి. దాన్ని ఎంత చూసినా ఒక్క స్ఫటికంలో ఏం జరుగుతోందో తెలియదు. తెలియాలంటే విడి స్ఫటికం ఒక్కటైనా చేతికి చిక్కాలి. పాలిమర్‌కు విడి స్ఫటికాలుండవని, ఉండలేవని ఆనాటి నమ్మకం.

1955లో కెల్లర్ బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో చార్లెస్ ఫ్రాంక్ ఉన్నాడు. స్ఫటికాలు మెలికలు మెలికలుగా, ఒకే మెట్టు చుట్టూ తిరుగుతూ ఎలా పెరుగుతాయో 1949లో చెప్పిన మేధావి ఆయనే. ఆ చోటు దొరకడం కెల్లర్ అదృష్టం. అదే ఏడాది జాకోడిన్ అనే పరిశోధకుడు ఇథిలీన్ పాలిమర్ మీద అలాంటి మెలికల మెట్లు కనిపించాయని నేచర్ పత్రికలో రాశాడు. మెలికల మెట్లుంటే అది నిజమైన స్ఫటికమే కావాలి.

రెండో అదృష్టం జర్మనీ నుంచి వచ్చింది. ఐసీఐ వాళ్ళ పాలిథీన్ గొలుసుకు పక్క కొమ్మలుంటాయి. కొమ్మలున్న గొలుసులు వరసలో సర్దుకోలేవు. 1953లో మ్యూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ మామూలు పీడనంలోనే, కొమ్మలు దాదాపు లేని పాలిథీన్ తయారుచేసే ఉత్ప్రేరకాన్ని కనిపెట్టాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే తిన్నని గొలుసుల పాలిథీన్ ప్రయోగశాలలన్నిటికీ అందింది. పాతికేళ్ళుగా రాని స్ఫటికాలు ఒకే ఏడాదిలో మూడు చోట్ల రావడం వెనకున్న కిటుకు అదే.

పని చూడటానికి చాలా తేలిక. వేడి జైలీన్‌లో పాలిథీన్‌ను అతి కొద్దిగా, వంద పాళ్ళ ద్రావకానికి ఒక పాలులో వందో వంతు చొప్పున కరిగించి, నెమ్మదిగా చల్లార్చాలి. ద్రావణం అంత పలుచన కాబట్టి గొలుసులు ఒకదాంతో ఒకటి చిక్కుపడవు. చల్లారే కొద్దీ ద్రావణం లీలగా మసకబారుతుంది. ఆ మసకను ఒక చుక్క తీసి, కార్బన్ పొర వేసిన బుల్లి లోహపు జాలీ మీద ఆరబెట్టి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టాలి. ఇక్కడ తొందర కావాలి. ఎలక్ట్రాన్ల దెబ్బకు పాలిమర్ స్ఫటికం కొన్ని సెకన్లలోనే చెడిపోతుంది, చుక్కల చిత్రం కళ్ళముందే వెలిసిపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే ఫొటో తీసుకోవాలి.

కనిపించినవి అందమైన సమచతుర్భుజాకారపు రేకులు. అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. మందం తెలుసుకోవడానికి ఏటవాలుగా లోహపు ఆవిరి చల్లారు. రేకు అంచు పక్కన పడిన నీడ పొడవును బట్టి ఎత్తు లెక్కగట్టారు. పది పన్నెండు నానోమీటర్లు. తర్వాత అదే రేకు మీద ఎలక్ట్రాన్ల చుక్కల చిత్రం (వివర్తన చిత్రం) తీశారు. గొలుసులు రేకుకు నిటారుగా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. లక్ష అణుభారం ఉన్న పాలిథీన్ గొలుసులో ఏడువేల పైచిలుకు కార్బన్లుంటాయి. దాన్ని తిన్నగా చాపితే దాదాపు 900 నానోమీటర్లు. రేకు మందం పన్నెండు. నిటారుగా నిలబడ్డ గొలుసు డెబ్బై ఎనభైసార్లు కిందికీ పైకీ మళ్ళితే తప్ప అందులో పట్టదు. చీర కుచ్చిళ్ళు పోసినట్టు గొలుసు మడతమీద మడత పడి ఉండాలి. 1957లో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో కెల్లర్ ఈ మాట చిన్న పత్రంగా ప్రకటించాడు. అదే ఏడాది ఇ. డబ్ల్యూ. ఫిషర్, పి. హెచ్. టిల్ కూడా ఎవరికి వారుగా ఇలాంటి స్ఫటికాలనే పెంచారు. స్టార్క్స్ పలుచని పొరలో చూసినది పందొమ్మిదేళ్ళ తర్వాత లోకం కంటబడింది.

స్ఫెరులైట్ వింత కూడా విడిపోయింది. రేకు పక్కలకు పెరుగుతుంది, గొలుసు రేకు మందంలో నిలువుగా ఉంటుంది. కాబట్టి పెరిగే దిక్కుకు గొలుసు ఎప్పుడూ అడ్డమే.

కొద్దికాలానికి ఇంకో ముచ్చట బయటపడింది. ఈ రేకులు ద్రావణంలో తేలేటప్పుడు చదునుగా ఉండవు, బోలు పిరమిడ్ల ఆకారంలో ఉంటాయి. ద్రావకం ఆరిపోగానే కూలి చదునవుతాయి. కూలినప్పుడు పడ్డ ముడతలు, పగుళ్ళు రేకును నాలుగు ముక్కలుగా విభజిస్తున్నట్టు కనిపించాయి. 1959లో బాసెట్, ఫ్రాంక్, కెల్లర్ దీనికి అర్థం చెప్పారు. గొలుసులు ఏ అంచున చేరితే ఆ అంచు వెంబడే మడత పడుతున్నాయి, అందుకే ఒక్కో అంచు వెనక ఒక్కో విభాగం ఏర్పడుతోంది. మడత ఉందనడమే కాక, అది ఎటు తిరుగుతోందో కూడా చూపించిన సాక్ష్యమిది. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం కూడా ఇదే. ఫొటో పాడైందని పక్కన పెట్టేయదగ్గ ముడతల్ని వాళ్ళు చదివారు.

రేకు పది నానోమీటర్ల దగ్గరే ఎందుకు ఆగుతుంది? ఇదొక పజిల్. ఉష్ణోగ్రత పెంచి స్ఫటికీకరిస్తే రేకు మందమవుతుంది, తగ్గిస్తే పలుచబడుతుంది. పూర్తిగా చాచుకున్న గొలుసులే అన్నిటికంటే స్థిరం. కానీ గొలుసుకు అంత తీరిక ఉండదు. నిలబడగలిగేంత మందం వస్తే చాలు, పక్కన చోటు దొరగ్గానే మడతపడి కూర్చుంటుంది. పెరిగే వేగమే మందాన్ని నిర్ణయిస్తుందని 1960లో లారిట్జెన్, హాఫ్‌మన్ సిద్ధాంతం కట్టారు. మంచి కన్నా వేగం గెలుస్తుందన్నమాట.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే హాయిగా ఉండేది. 1962లో పాల్ ఫ్లోరీ బరిలోకి దిగాడు. పాలిమర్ శాస్త్రంలో ఆయన మాటకు ఎదురు లేదు. 1974లో నోబెల్ కూడా అందుకున్నాడు. పలుచని ద్రావణంలో సంగతి ఏమో కానీ, కరిగిన పాలిమర్‌లో గొలుసులు అంత చిక్కుపడి ఉంటే, ఒక్కో గొలుసు వచ్చి తన పక్కనే చక్కగా మడత వేసుకునే వ్యవధి ఎక్కడిదని అడిగాడు. రేకులోంచి బయటికొచ్చిన గొలుసు ఎక్కడెక్కడో తిరిగి, దూరాన ఇంకో చోట దూరుతుందన్నాడు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక రంధ్రంలోంచి తీసిన తీగను ఎక్కడో ఉన్న ఇంకో రంధ్రంలో గుచ్చేవాళ్ళు కదా, ఆ స్విచ్‌బోర్డ్ పేరే ఈ నమూనాకు స్థిరపడింది.

ఇరవై ఏళ్ళకు పైగా యుద్ధం నడిచింది. రేకు లోపల దట్టంగా ఉన్న గొలుసులన్నీ బయటికి వచ్చేస్తే, రేకు ముఖం దగ్గర వాటికి పట్టే చోటే ఉండదని ఫ్రాంక్ చూపించాడు. కాబట్టి చాలా గొలుసులు అక్కడికక్కడే వెనక్కి తిరగక తప్పదు. న్యూట్రాన్లతో చేసిన ప్రయోగాలు మరోపక్క ఫ్లోరీకి బలమిచ్చాయి. కరిగిన స్థితిలో గొలుసు ఎంత మేర విస్తరించి ఉందో, గడ్డకట్టాక కూడా దాదాపు అంతే ఉంది. 1979లో కేంబ్రిడ్జిలో జరిగిన ఫారడే చర్చాసభలో రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నాయి. ఆ సభలో ఏ పక్షం జెండా దించలేదు.

తగవు తీర్చడానికి కొలవగలిగే పొడవున్న గొలుసులు కావలసి వచ్చాయి. 1960ల్లోనే స్ట్రాస్‌బుర్గ్‌లో ఆర్లీ, స్పెగ్ట్, స్కూలియోస్ పొట్టి పాలిథిలీన్ ఆక్సైడ్ గొలుసుల మీద ఓ సంగతి గమనించారు. రేకు మందం మెల్లగా మారడం లేదు, గంతులు వేస్తోంది. పూర్తి గొలుసంత, లేకపోతే అందులో సగం, లేకపోతే మూడో వంతు. అంటే గొలుసు మడత పడకుండా ఉంటుంది, లేదా ఒకసారి, లేదా రెండుసార్లు మడత పడుతుంది. సగం సగం మడతలుండవు. బ్రిస్టల్‌లో రసాయన శాస్త్రవేత్త మార్క్ వైటింగ్ బృందం ఇంకా కష్టమైన పని తలకెత్తుకుంది. ప్రతి అణువులోనూ కార్బన్ల సంఖ్య అచ్చంగా ఒకటే ఉండే పొడవాటి పారఫిన్లను, గొలుసుకు గొలుసు జోడిస్తూ 390 కార్బన్ల దాకా నిర్మించింది. 1985లో ఉంగర్, కెల్లర్, వైటింగ్ తదితరులు సైన్స్ పత్రికలో ఫలితం చెప్పారు. 102 కార్బన్ల గొలుసు మడత పడలేదు. 150 కార్బన్ల గొలుసు మడత పడింది. మడత ఆ రెండు పొడవుల మధ్యే ఎక్కడో మొదలవుతుందని తెలిసింది.

తీర్పు చెప్పాలంటే, ద్రావణంలో కెల్లర్‌దే పైచేయి. కరిగిన పాలిమర్‌లో మాత్రం పక్కనే పడే మడతలతో పాటు దూరం తిరిగొచ్చే చుట్లు, ఒక రేకును ఇంకో రేకుతో ముడివేసే గొలుసులు అన్నీ ఉంటాయి. పాలిథీన్ సంచి చిరగకుండా బరువు మోస్తోందంటే ఆ ముడివేసే గొలుసుల చలవే. ఆ మేరకు ఫ్లోరీ మాటా నిలిచింది.

ఇక రెండో ప్రశ్న మిగిలింది. గొలుసు ఎటు తిరిగి నిలబడుతుంది? దీని చరిత్ర ఉప్పుతో మొదలవుతుంది. 1950ల్లో విల్లెమ్స్, ఫిషర్ పాలిథీన్ ద్రావణాన్ని ఉప్పు స్ఫటికపు ముఖం మీద స్ఫటికీకరించి చూశారు. రేకులు పడుకోలేదు, అంచుల మీద నిలబడ్డాయి. అది కూడా ఒకదానికొకటి లంబంగా, రెండే దిక్కుల్లో. గొలుసులు ఉప్పు ముఖం మీద దాని కర్ణాల వెంబడి పడుకున్నాయి. ఉప్పులోని అయాన్ల వరసలు గొలుసులకు దారి చూపాయన్నమాట. 1980ల్లో స్ట్రాస్‌బుర్గ్‌కు చెందిన విట్‌మన్, లోట్జ్ బెంజోయిక్ ఆమ్లం లాంటి సేంద్రియ స్ఫటికాల మీద ఇంకా చక్కటి అమరికలు సాధించారు. అడుగున ఉన్న తలాన్ని బట్టి గొలుసుకు దిక్కు కుదురుతుందని స్పష్టమైంది.

1991లో అదే విట్‌మన్, పాల్ స్మిత్‌తో కలిసి నేచర్‌లో రాసిన పద్ధతి చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. వేడి గాజు పలక మీద టెఫ్లాన్ దిమ్మను నొక్కి ఒకే దిక్కులో రుద్దారు, అంతే. గాజుకు కంటికి కనబడనంత పలుచని టెఫ్లాన్ పొర అంటుకుంది, అందులో గొలుసులన్నీ రుద్దిన దిక్కుకే తిరిగి ఉన్నాయి. ఆ పొర మీద ఇంకో పాలిమర్‌నో, ఇంకో పదార్థాన్నో స్ఫటికీకరిస్తే అదీ అదే దిక్కుకు సర్దుకుంది. టెఫ్లాన్ పుట్టుక కూడా యాదృచ్ఛికమే. డ్యూపాంట్‌లో రాయ్ ప్లంకెట్, వాయువు నింపిన సిలిండర్ తెరిస్తే ఏమీ రాలేదు, బరువు మాత్రం తగ్గలేదు. కోయించి చూస్తే లోపల తెల్లటి పొడి. అది 1938 ఏప్రిల్. స్టార్క్స్ పత్రం వెలువడిన సంవత్సరమే.

ఈ పెరుగుదలను జరుగుతుండగా చూడాలన్న కోరిక చాలాకాలం తీరలేదు. ఎలక్ట్రాన్లు స్ఫటికాన్ని చంపుతాయి, కాంతికి అంత చిన్నవి కనిపించవు. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ కనిపెట్టారు. అతి సన్నని సూదిమొన ఉపరితలాన్ని తడుముతూ ఎత్తుపల్లాల పటం గీస్తుంది. కింద వేడిచేసే పళ్ళెం పెడితే, రేకు పెరుగుతుండగా వరసగా పటాలు తీయవచ్చు. పొర కూడా కోరినంత పలుచగా వచ్చింది. గిరగిర తిరిగే సిలికాన్ పలక మీద ద్రావణం చుక్క వేస్తే, కొన్ని పదుల నానోమీటర్ల పొర నున్నగా పరుచుకుంటుంది.

మందం తగ్గించుకుంటూ పోతే స్ఫటికాల తీరే మారింది. కాస్త మందపు పొరల్లో రేకులు తరచుగా అంచు మీద నిలబడ్డాయి. మరీ పలుచని పొరల్లో ఎక్కువగా బల్లపరుపుగా పడుకున్నాయి. నిలబడ్డ రేకుకు పైకి ఎదగడానికి చోటు ఉండదు, పడుకున్న రేకుకు పక్కలకు బోలెడు మైదానం ఉంటుంది. చోటు ఒక్కటే కాదు, అడుగు తలం గొలుసును ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఏ ఉష్ణోగ్రత దగ్గర చల్లారుస్తున్నామో అవి కూడా లెక్కలోకి వస్తాయి.

1998లో ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్‌లో గ్యుంటర్ రైటర్, యెన్స్-ఉవే సోమర్ ఈ దారిలో చిట్టచివరి మెట్టు దాకా వెళ్ళారు. సిలికాన్ మీద ఒకే ఒక్క అణువు మందాన అంటుకున్న పాలిథిలీన్ ఆక్సైడ్ పొరను స్ఫటికీకరించారు. చక్కటి రేకులు రాలేదు. వేళ్ళుగా చీలి, చీలినచోట మళ్ళీ చీలే కొమ్మలు వచ్చాయి. స్ఫటికం చుట్టూ ఉన్న పొర కంటే స్ఫటికమే ఎక్కువ ఎత్తు. ఆ ఎత్తుకు సరిపడా గొలుసులు చుట్టుపక్కల నుంచి పాక్కుంటూ రావాలి. అవి వచ్చేలోగా స్ఫటికం చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. ముందుకు చొచ్చుకొచ్చిన మొనకు కొత్త గొలుసులు ముందుగా దొరుకుతాయి, కాబట్టి మొన ఇంకా ముందుకెళ్తుంది. ఉష్ణోగ్రత పెంచితే వేళ్ళు వెడల్పయ్యాయి. కంప్యూటర్‌లో అదే నియమాలు పెట్టి నడిపితే అవే బొమ్మలు వచ్చాయి. గొలుసులు వచ్చి చేరి, తర్వాత తీరిగ్గా తమను తాము సర్దుకుంటాయని ఆ బొమ్మలు చెప్పాయి.

2009లో రైటర్, చైనాకు చెందిన వెన్‌బింగ్ హు తదితరులు ఇంకో చమత్కారం చేశారు. పలుచని పొరలోని స్ఫటికాన్ని కరిగీ కరగనట్టు వేడిచేసి మళ్ళీ చల్లార్చితే, కరగకుండా మిగిలిన చిన్న చిన్న బీజాల్లోంచి కొత్త స్ఫటికాలు మొలిచాయి. అన్నీ అసలు స్ఫటికం ఏ దిక్కుకు తిరిగి ఉందో ఆ దిక్కుకే. కరిగించి మిగిలిన బీజాలతో స్ఫటికాలు పెంచే విద్యను 1966లో మొదలుపెట్టిన వాళ్ళలో కెల్లర్ కూడా ఒకడు. ఆయన 1999లో కన్నుమూశాడు.

దిక్కు మారితే ఏమవుతుందని అడిగేవాళ్ళకు అదే 1999లో కేంబ్రిడ్జి నుంచి జవాబు వచ్చింది. హెన్నింగ్ సిరింగ్‌హౌస్ బృందం విద్యుత్తును మోసే పాలిథయోఫీన్‌తో ట్రాన్సిస్టర్లు చేసింది. పొరలో ఆ గొలుసుల్లోని వలయాలు అంచు మీద నిలబడి పక్కపక్కనే పేర్చుకుంటే విద్యుదావేశాలు పొర వెంబడి చకచకా నడిచాయి. అవే వలయాలు పొరకు సమాంతరంగా పడుకుంటే నడక వంద రెట్లకు పైగా మందగించింది. అణువు తీరు దాదాపు అదే, తిరిగిన దిక్కే వేరు. వంగే తెరలు, పలుచని సౌరఫలకాల మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ గొలుసుల దిక్కు గురించే ఎక్కువ తల బద్దలు కొట్టుకుంటున్నారు.

సిద్ధాంతం ఇంకా కుదురుకోలేదు. గొలుసులు నేరుగా స్ఫటికంలో చేరవు, ముందు సగం క్రమమున్న మధ్యంతర పొరగా ఏర్పడి తర్వాత గట్టిపడతాయని 2000లో జర్మనీకి చెందిన గెర్ట్ స్ట్రోబుల్ ప్రతిపాదించాడు. దాని మీద వాదాలు నడుస్తూనే ఉన్నాయి.

రసాయనశాస్త్రం చదివే పిల్లలకు, చెప్పే మాస్టార్లకు ఒక మాట. మీ కాలేజీ ల్యాబులో పాలిథిలీన్ గ్లైకాల్ 6000 అనే తెల్లటి పొలుసుల సీసా ఉంటే చిటికెడు తీసి గాజు స్లయిడ్ మీద వేయండి. అరవై డిగ్రీల పైచిలుకు వేడికి కరుగుతుంది. పైన కవర్ గ్లాసు నొక్కి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ పలకల మధ్య, సూక్ష్మదర్శిని కింద పెట్టండి. చీకట్లోంచి గోళాలు పుట్టి, నడుమ నల్లటి కూడిక గుర్తుతో, ఒకదాన్నొకటి ఢీకొనే దాకా పెరుగుతాయి. ఇంకోసారి కరిగించి ఈసారి బాగా నెమ్మదిగా చల్లార్చండి, గోళాలు తక్కువగా, పెద్దవిగా వస్తాయి. అదే స్లయిడ్ మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.